కరెంటు తారాజువ్వ: ఇంటి ముందు కట్టుకునే వెలుగుల బాణసంచా

దీపావళికి డాబా అంచున సీరియల్ సెట్లు వేలాడదీయడం అందరూ చేసేదే. అదే కరెంటుతో, మందుగుండు ఊసే లేకుండా, నేల మీంచి జువ్వ లేచి పైన విచ్చుకున్నట్టు చూపించవచ్చు. కొంచెం సోల్డరింగ్ వచ్చి, రెండు ఆదివారాలు కేటాయించగలిగితే చాలు. ఒకసారి కట్టుకుంటే దీపావళి, కార్తీక మాసం, క్రిస్మస్, కొత్త సంవత్సరం, సంక్రాంతి అన్నింటికీ పనికొస్తుంది.

బజారులో 'ఫైర్‌వర్క్ లైట్లు' అని దొరికేవి చాలావరకు ఒక గుండీలోంచి అన్ని వైపులకీ వచ్చిన సన్న తీగలు. మెరుస్తాయి, ఆరిపోతాయి. చూడ్డానికి బాగుంటాయి కానీ అందులో జువ్వ లేదు. జువ్వ అంటే కింద నుంచి సుయ్‌మని లేవాలి, పైకి పోయేకొద్దీ నెమ్మదించాలి, ఒక్క క్షణం ఏమీ కనబడకూడదు, అప్పుడు పగలాలి, విచ్చుకుంటూ విచ్చుకుంటూ వాడిపోవాలి. ఈ వరుస, ఈ వేగాల్లో తేడా, మధ్యలో ఆ చీకటి సరిగ్గా కుదిరితే తక్కువ దీపాలతోనే జువ్వ కళ్లకు కడుతుంది. కుదరకపోతే వెయ్యి దీపాలు పెట్టినా అది సీరియల్ సెట్టే. అందుకే ఈ పనిలో చెక్కా పైపుల కంటే టైమింగ్ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టమని నా సలహా.

టపాకాయలు మానేయమని చెప్పడానికి ఇది రాయడం లేదు. కానీ 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో దీపావళి రోజు కాల్చుకునే సమయం రాత్రి 8 నుంచి 10 వరకే అని ఉంది. క్రిస్మస్, కొత్త సంవత్సరం రాత్రుళ్లకైతే 11.55 నుంచి 12.30 వరకే. కరెంటు జువ్వకు ఆ లెక్క లేదు. ఇంట్లో ఆస్తమా ఉన్న పెద్దవాళ్లు, చప్పుడుకి మంచం కింద దూరే కుక్క, పసిపిల్ల ఉంటే దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

ఏం కడుతున్నాం

3 మీటర్ల స్తంభం. దాని పొడవునా ఒక ఎల్‌ఈడీ స్ట్రిప్, అది జువ్వ లేచే దారి. స్తంభం కొసన గుండ్రటి చెక్క, దాని నుంచి అన్ని వైపులకీ 8 రెక్కలు, ఒక్కోటి మీటరు పొడవు. అది పగిలే పువ్వు. మొత్తం ఎత్తు నేల నుంచి దాదాపు 4 మీటర్లు, అంటే ఒక అంతస్తు ఇంటి పిట్టగోడ దాకా వస్తుంది. వీధి చివరి నుంచి కూడా కనబడుతుంది.

ముందుగా స్ట్రిప్ గురించి. మనకు కావాల్సింది మామూలు రంగుల స్ట్రిప్ కాదు. మామూలు ఆర్‌జీబీ స్ట్రిప్ మొత్తం ఒకేసారి ఒకే రంగులో వెలుగుతుంది, దాంతో పరుగు చూపించలేం. 'అడ్రెసబుల్' లేదా 'పిక్సెల్' స్ట్రిప్ అని అడగాలి. అందులో డబ్ల్యూఎస్2811 చిప్ ఉన్న 12 వోల్టుల రకం తీసుకోండి, మీటరుకు 60 దీపాలు. ఈ రకంలో ప్రతి 3 దీపాలకూ ఒక చిప్ ఉంటుంది, ఆ మూడూ కలిసి ఒక పిక్సెల్. అంటే మీటరుకు 20 పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్ పొడవు 5 సెంటీమీటర్లు. కోయాలంటే ఆ 5 సెంటీమీటర్ల గుర్తుల దగ్గరే, రాగి బిళ్లల మధ్యనే కోయాలి.

5 వోల్టుల డబ్ల్యూఎస్2812బి స్ట్రిప్‌లో దీపం దీపాన్నీ విడిగా ఆడించవచ్చు, చూపు ఇంకా సున్నితంగా ఉంటుంది. కానీ అదే శక్తికి 5 వోల్టుల్లో 2.4 రెట్లు కరెంటు పారాలి. పొడవాటి స్తంభం మీద, ఆరుబయట, ఆ తేడా వైర్ల మందంలోనూ వేడిలోనూ తెలిసిపోతుంది. మొదటిసారి కట్టేవాళ్లు 12 వోల్టులకే వెళ్లండి.

సామాన్లు

- 12 వోల్టుల డబ్ల్యూఎస్2811 స్ట్రిప్, వాన నీళ్లకు తట్టుకునే ఐపీ65 లేదా ఐపీ67 రకం, 5 మీటర్ల రోల్స్ మూడు. వాడేది 11 మీటర్లు, మిగిలిన 4 మీటర్లకు కింద ఒక పని ఉంది
- 12 వోల్టులు, 20 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ (ఇంటి కరెంటును 12 వోల్టుల డీసీగా మార్చే పవర్ సప్లై) ఒకటి
- ఈఎస్‌పీ32 బోర్డు (దీపాలను నడిపే చిన్న కంప్యూటర్) ఒకటి
- 74హెచ్‌సీటీ245 చిప్‌లు రెండు, వాటి బేస్‌లు, జీరో పీసీబీ (సోల్డరింగ్‌కు చిల్లులున్న బోర్డు) రెండు ముక్కలు
- 12 నుంచి 5 వోల్టులకు దించే ఎల్ఎం2596 మాడ్యూల్ ఒకటి
- 330 ఓమ్ రెసిస్టర్లు పది, 104 సిరామిక్ కెపాసిటర్లు రెండు, 1000 మైక్రోఫారడ్ 25 వోల్టుల కెపాసిటర్ ఒకటి
- 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఎరుపు, నలుపు. సన్నటి వైరు మూడు రంగుల్లో
- కార్లలో వాడే బ్లేడ్ ఫ్యూజులు 5 ఆంపియర్లది, 15 ఆంపియర్లది, హోల్డర్లతో
- 3 మీటర్ల పైన మరో అర మీటరు ఉన్న జీఐ పైపు, 20 మిల్లీమీటర్ల ఎలక్ట్రికల్ పైపు 8 ముక్కలు, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క, సాడిల్స్, కేబుల్ టైలు
- ఐపీ65 ప్లాస్టిక్ పెట్టె, గ్లాండ్లు (వైరు పెట్టెలోకి పోయే చోట నీళ్లు దూరకుండా బిగించేవి), హీట్ ష్రింక్ స్లీవ్, న్యూట్రల్ క్యూర్ సిలికాన్ ట్యూబు

హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు, పక్కనే ట్రూప్ బజార్‌లో వైర్లూ పైపులూ దొరుకుతాయి. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్. చిప్ కొనేటప్పుడు పేరు మీద ఒక్క కన్నేయండి. 74హెచ్‌సీ245 కాదు, 'హెచ్‌సీటీ' ఉండాలి. ఈఎస్‌పీ32 ఇచ్చే సిగ్నల్ 3.3 వోల్టులు, దాన్ని 5 వోల్టులకు పెంచేదే ఈ చిప్. హెచ్‌సీ రకానికి 5 వోల్టుల సప్లై మీద కనీసం 3.5 వోల్టులు వస్తేనే 'ఆన్' అని అర్థమవుతుంది. హెచ్‌సీటీకి 2 వోల్టులు చాలు. ఈ ఒక్క అక్షరం దగ్గర తేడా వస్తే దీపాలు ఒకసారి పలికి, ఒకసారి పిచ్చి రంగులు చూపించి, కారణం దొరక్క టెన్షన్ పెడతాయి.

కరెంటు లెక్క

ఈ స్ట్రిప్ నిండు తెలుపులో మీటరుకు 14.4 వాట్ల దాకా తీసుకుంటుంది. 11 మీటర్లకు 158 వాట్లు, 12 వోల్టుల మీద 13 ఆంపియర్ల పైచిలుకు. ఎస్ఎంపీఎస్‌ను ఎప్పుడూ దాని సామర్థ్యంలో 80 శాతం దాటి వాడకూడదు, అందుకే 20 ఆంపియర్లది. జువ్వ ఎప్పుడూ అన్ని దీపాలూ తెల్లగా వెలిగించదు కదా, చిన్నది సరిపోదా అనిపిస్తుంది. నిజమే, నడిచేటప్పుడు చాలా తక్కువే తింటుంది. కానీ ప్రోగ్రామ్ ఎక్కడైనా తప్పి అన్నీ తెల్లగా నిలిచిపోతే వైర్లు, ఫ్యూజు, ఎస్ఎంపీఎస్ తట్టుకోవాలి.

రెక్కలు ఎనిమిదింటికీ కలిపి 115 వాట్లు, అంటే 9.6 ఆంపియర్లు. అది కింద పెట్టె నుంచి పైకి 4 మీటర్ల వైరులో పోవాలి, రానూ పోనూ 8 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే దారిలోనే దాదాపు 1 వోల్టు పోతుంది. 2.5 అయితే 0.6. అందుకే మందం వైరు రాశాను. స్తంభం స్ట్రిప్‌కు 43 వాట్లు, 3.6 ఆంపియర్లు. దానికి 5 ఆంపియర్ల ఫ్యూజు, రెక్కలకు 15 ఆంపియర్ల ఫ్యూజు, రెండూ ఎస్ఎంపీఎస్ దగ్గరే, పెట్టెలోనే.

చట్రం

ప్లైవుడ్‌ను 30 సెంటీమీటర్ల వ్యాసం గల గుండ్రంగా కోసి, 8 గీతలు గీయండి, ఒక్కోదాని మధ్య 45 డిగ్రీలు. ఇక్కడ ఒక చిన్న విషయం: గీతల్లో ఒకటి నిట్టనిలువుగా కిందికి వచ్చేలా బిగిస్తే ఆ రెక్క స్తంభం మీద పడి రెండు వెలుగులూ కలిసిపోతాయి. చెక్కను 22.5 డిగ్రీలు తిప్పి బిగించండి, స్తంభం రెండు రెక్కల మధ్య నుంచి పోతుంది. పువ్వు కూడా శుభ్రంగా కనబడుతుంది.

ఒక్కో రెక్కకు ఒక ఎలక్ట్రికల్ పైపు ముక్క, చెక్క మీద రెండేసి సాడిల్స్‌తో. పైపు కొసను వేడి నీళ్లతోనో హాట్ ఎయిర్ గన్‌తోనో మెత్తబరిచి కొద్దిగా కిందికి వంచితే వాడిపోయే పువ్వులా, నిటారుగా వదిలేస్తే చామంతిలా కనబడుతుంది. పై రెక్కలు నిటారుగా, పక్క రెక్కల కొసలు కాస్త వాలి ఉండేలా చేస్తే నాకు ఎక్కువ నచ్చుతుంది. నిప్పురవ్వలు బరువుకు కిందికే జారతాయి కదా. మంట మీద మాత్రం కాల్చొద్దు, పీవీసీ పొగ మంచిది కాదు.

చెక్కకూ పైపులకూ ముందే నల్ల రంగు వేయండి. పగలు తెల్ల పైపులు కనబడటం ఒక సంగతి. రాత్రి పక్క దీపాల వెలుగు తెల్ల పైపు మీద పడి, చీకటిగా ఉండాల్సిన చోటు మసగ్గా కనబడటం అంతకంటే నష్టం.

స్ట్రిప్‌ను దాని వెనక ఉన్న జిగురు మీద నమ్మకం పెట్టి అతికించి వదిలేయకండి. ఎండకూ మంచుకూ నాలుగు రోజుల్లో వదిలేస్తుంది. అరడుగుకో కేబుల్ టై వేయండి, టై దీపం మీద కాకుండా దీపాల మధ్య పడాలి. స్ట్రిప్ మీద బాణం గుర్తులు ఉంటాయి. స్తంభం మీద బాణం కింద నుంచి పైకి, రెక్కల మీద మధ్య నుంచి కొసకు చూపాలి. ఒక్క రెక్క తిరగబడినా అది వెలగదు.

వైరింగ్

అంతా స్తంభానికి ఎక్కించక ముందే నేల మీద పరిచి కలిపి, వెలిగించి చూడండి. నిచ్చెన మీద నిలబడి సోల్డరింగ్ చేయాల్సిన అవసరం ఎవరికీ రాకూడదు.

కింద పెట్టెలో ఎస్ఎంపీఎస్, ఎల్ఎం2596, ఈఎస్‌పీ32, ఒక 74హెచ్‌సీటీ245. ఎల్ఎం2596 వచ్చినప్పుడు దాని అవుట్‌పుట్ ఎంతకు సెట్ అయి ఉంటుందో చెప్పలేం. ఏదీ కలపకుండా మల్టీమీటర్ పెట్టి, స్క్రూ తిప్పి సరిగ్గా 5 వోల్టులకు తెచ్చి, ఆ తర్వాతే ఈఎస్‌పీ32కు, చిప్‌లకు ఇవ్వండి. 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ 12 వోల్టుల లైను మీద, ప్లస్సు మైనస్సు చూసుకుని. ఈఎస్‌పీ32 మైనస్, స్ట్రిప్ మైనస్, చిప్‌ల మైనస్ అన్నీ ఒక్కటై ఉండాలి. చాలామందికి మొదటిసారి దీపాలు పలకకపోవడానికి కారణం ఈ ఉమ్మడి మైనస్ లేకపోవడమే.

ఈఎస్‌పీ32 పదహారో నంబరు పిన్ (జీపీఐఓ 16) నుంచి మొదటి చిప్‌కు, చిప్ నుంచి 330 ఓమ్ రెసిస్టర్ ద్వారా స్తంభం స్ట్రిప్ మొదటి పిక్సెల్ డేటా బిళ్లకు. పెట్టె స్తంభం మొదట్లోనే ఉండాలి, ఈ డేటా వైరు ఒకటి రెండు మీటర్లు దాటకూడదు.

ఇక పైన ఉండే రెండో చిప్. మొత్తం కిటుకు ఇక్కడే ఉంది. స్తంభం స్ట్రిప్ పై కొసన చివరి పిక్సెల్ నుంచి డేటా బయటికి వస్తుంది. దాన్ని ఈ చిప్‌కు ఇస్తే, చిప్ అదే సిగ్నల్‌ను ఎనిమిదిగా చేసి ఎనిమిది రెక్కలకూ పంచుతుంది. ఎనిమిది రెక్కలూ ఒకే మాట వింటాయి, అందుకే ఒకే క్షణంలో, ఒకే వేగంతో మధ్య నుంచి కొసలకు విచ్చుకుంటాయి. ఈఎస్‌పీ32 దృష్టిలో ఉన్నది ఒక్క పొడవాటి దండ: 60 స్తంభం పిక్సెళ్లు, ఆపైన 20 రెక్క పిక్సెళ్లు, మొత్తం 80. ప్రోగ్రామ్ ఎంత తేలికవుతుందో రాస్తేనే తెలుస్తుంది.

చిప్ గాడి పైకి ఉండేలా పట్టుకుంటే ఎడమ పైన ఒకటో పిన్, కుడి పైన ఇరవయ్యోది. 1, 20 పిన్‌లు 5 వోల్టులకు. 10, 19 మైనస్‌కు. 2 నుంచి 9 దాకా ఎనిమిదింటినీ కలిపేసి స్తంభం నుంచి వచ్చిన డేటా వైరు వాటికి. 11 నుంచి 18 దాకా ఒక్కోదానికి ఒక 330 ఓమ్ రెసిస్టర్, అక్కణ్ణుంచి ఒక్కో రెక్కకు. 104 కెపాసిటర్ చిప్‌కు ఆనుకుని 20, 10 పిన్‌ల మధ్య. కింది చిప్‌కూ ఇదే పద్ధతి. తేడా ఏమిటంటే ఇన్‌పుట్ ఒక్కటే వాడతాం, మిగతా ఏడు ఇన్‌పుట్‌లను గాల్లో వదలకుండా మైనస్‌కు కలపాలి. ఇక స్తంభం వెంట పైకి పోయే వైర్లు మూడు: మందపాటి 12 వోల్టుల ప్లస్, మందపాటి మైనస్, సన్నటి 5 వోల్టులు. ఈ చిప్‌కు పొరపాటున 12 వోల్టులు తగిలితే అది అక్కడికక్కడే పోతుంది. అందుకే 5 వోల్టుల వైరు రంగు వేరుగా ఉండాలి.

ఒక హెచ్చరిక. దీపాలను ఆడించే సాఫ్ట్‌వేర్లు రెండింటి గురించి కింద చెబుతాను: డబ్ల్యూఎల్‌ఈడీలో, ఫాస్ట్‌ఎల్‌ఈడీలో కరెంటు పరిమితి పెట్టే సదుపాయం ఉంది. అది 80 పిక్సెళ్లనే లెక్కపెడుతుంది, నిజంగా వెలిగేవి 220 అని దానికి తెలియదు. కాబట్టి దాన్ని నమ్ముకుని ఎస్ఎంపీఎస్ చిన్నది పెట్టకండి.

ప్రాణం పోయడం: టైమింగ్

ప్రోగ్రామింగ్ అలవాటు లేనివాళ్లు ఈఎస్‌పీ32లో డబ్ల్యూఎల్‌ఈడీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చు. కంప్యూటర్‌లో క్రోమ్ నుంచే, యూఎస్‌బీ కేబుల్ పెట్టి ఎక్కించవచ్చు. సెట్టింగ్స్‌లో పిక్సెళ్లు 80, పిన్ 16 అని ఇచ్చి, ఎఫెక్టుల్లో 'ఫైర్‌వర్క్స్ 1డి' ఎంచుకోండి. జువ్వ లేచి, పేలి, రవ్వలు రాలడం అందులో ఉంది. 'గ్రావిటీ' అనే స్లైడర్ కదిపి ఎత్తు, వేగం చూసుకోవాలి. కాకపోతే అందులో పేలే ఎత్తు ప్రతిసారీ మారుతుంది. ఒక్కోసారి స్తంభం మధ్యలోనే పేలుతుంది. సరిగ్గా పువ్వు దగ్గరే పేలాలంటే సొంత ప్రోగ్రామే దారి. వైరింగ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి మాత్రం ముందు డబ్ల్యూఎల్‌ఈడీ వేయడం మంచిది.

సొంత ప్రోగ్రామ్‌కు ఆర్డ్యుయినోలో ఫాస్ట్‌ఎల్‌ఈడీ లైబ్రరీ తీసుకుని, అందులోని 'డెమో రీల్ 100' ఉదాహరణను తెరవండి. మనకు కావాల్సిన పనిముట్లు అందులోనే కనబడతాయి. ముఖ్యమైనది 'ఫేడ్ టు బ్లాక్ బై': వెలుగుతున్న అన్నింటినీ ఒక్కసారిగా ఆర్పకుండా కొంచెం కొంచెంగా తగ్గించేది. ఇక జువ్వను ఆరు దశలుగా చూడండి.

మొదటిది లేవడం. 0 నుంచి 59 దాకా పిక్సెల్ తర్వాత పిక్సెల్ వెలిగించాలి, ప్రతి అడుగుకూ ముందున్న వెలుగు పావు వంతు తగ్గాలి (ఫేడ్ విలువ 64). దాంతో వెనక దాదాపు అర మీటరు తోక వస్తుంది. అసలు విషయం అడుగుకూ అడుగుకూ మధ్య ఆగే సమయం. స్తంభం మొదట్లో 8 మిల్లీసెకన్లు, పైకి పోయేకొద్దీ పెంచుతూ కొసన 28. మొత్తం సెకను పైచిలుకు. ఒకే వేగంతో పోతే అది లిఫ్టు దీపంలా ఉంటుంది. నెమ్మదిస్తేనే బరువున్న వస్తువు గాల్లోకి లేచినట్టు కన్ను నమ్ముతుంది. 80 పిక్సెళ్లకు డేటా పంపడానికి 2.4 మిల్లీసెకన్లు చాలు కాబట్టి 8 మిల్లీసెకన్ల అడుగుకు ఇబ్బంది లేదు.

రెండోది చీకటి. కొసకు చేరాక తోక పూర్తిగా ఆరనిచ్చి, 200 మిల్లీసెకన్లు ఏమీ వెలిగించకండి. పిల్లలు ఊపిరి బిగబట్టేది ఈ 200 మిల్లీసెకన్లలోనే. ఇది తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి చూడండి.

మూడోది మెరుపు. రెక్కల మొదటి 3 పిక్సెళ్లు నిండు వెలుగుతో 60 మిల్లీసెకన్లు. ఒక్కసారే. గబగబా నాలుగైదు మెరుపులు పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. సెకనుకు మూడు మించిన మెరుపులు మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లలో కొందరికి ప్రమాదం. ఇది వీధిలోకి కనబడేది, ఎవరు చూస్తారో మనకు తెలియదు.

నాలుగోది విచ్చుకోవడం. మధ్య నుంచి కొసకు 20 అడుగులు, మొదటి అడుగు 10 మిల్లీసెకన్లు, చివరిది 60. ఫేడ్ విలువ 40 దగ్గర పెడితే మధ్యలో ఉన్నవి ముందు వాడి, వెలుగు వలయంలా బయటికి పోతుంది. ఐదోది రవ్వలు: కొసల వైపు ఉన్న 10 పిక్సెళ్లలో ఏదో ఒకటి లేత బంగారు రంగులో మెరిసి ఆరడం, సెకను పాటు, మెరుపుల మధ్య ఎడం పెంచుకుంటూ పోవాలి.

ఆరోది మళ్లీ చీకటి. ఒకటిన్నర సెకను నుంచి 4 సెకన్ల మధ్య, ప్రతిసారీ మారేలా. వరుసగా ఒకే విరామం ఉంటే అది యంత్రమని పది నిమిషాల్లో తెలిసిపోతుంది. మూడు నాలుగు జువ్వలకోసారి వెంటవెంటనే రెండు వదిలితే జనం ఇంకా నిలబడి చూస్తారు.

రంగులు

బాణసంచాలో రంగు లోహ లవణాల నుంచి వస్తుంది. ఎరుపుకు స్ట్రాన్షియం, ఆకుపచ్చకు బేరియం, పసుపుకు సోడియం, నీలానికి రాగి, వెండి మెరుపుకు అల్యూమినియం, మెగ్నీషియం. బంగారు రవ్వలు ఇనుప రజను, బొగ్గు పొడి కాలడం వల్ల. వీటిలో నీలం చాలా కష్టమైనది. నీలం వెలుగునిచ్చే రాగి క్లోరైడ్ ఎక్కువ వేడిలో నిలవదు, అందుకే నిజమైన జువ్వల్లో నీలం ఎప్పుడూ కాస్త వెలిసినట్టే ఉంటుంది. ఎల్‌ఈడీలో సరిగ్గా తిరగేసి ఉంటుంది: నీలమే కళ్లు పొడుస్తుంది. కాబట్టి నీలాన్ని బాగా తగ్గించాలి.

నేను వాడే విలువలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసలో ఇవి. బంగారు రంగు 255, 120, 20. స్ట్రాన్షియం ఎరుపు 255, 30, 10. బేరియం ఆకుపచ్చ 60, 255, 40. రాగి నీలం 40, 60, 160. వెండి 255, 200, 150, ఎందుకంటే మూడూ 255 పెడితే ట్యూబులైటు తెలుపు వస్తుంది, జువ్వ తెలుపు రాదు. లేచే తోక ఎప్పుడూ బంగారు రంగే ఉండాలి, పువ్వు రంగు మారుతుండాలి. ఒక పువ్వులో రెండు రంగులకు మించొద్దు. హరివిల్లు రంగులన్నీ ఒకేసారి తిప్పే ఎఫెక్టులు షాపు బోర్డులకు బాగుంటాయి, జువ్వకు కాదు.

ఎరుపు అడిగితే ఆకుపచ్చ వచ్చిందంటే స్ట్రిప్ పాడైనట్టు కాదు. రంగుల వరుస తయారీని బట్టి మారుతుంది. ప్రోగ్రామ్‌లో ఆ వరుస మార్చితే సరిపోతుంది.

ఆరుబయట నిలబెట్టడం

అన్నిటికంటే ముందు తల పైకెత్తి చూడండి. ఇంటికి వచ్చే సర్వీసు వైరు, వీధి కరెంటు తీగలు ఎక్కడున్నాయి? స్తంభం ఎటు పడినా వాటిని తాకని చోటే పాతాలి. అంటే కనీసం దాని మొత్తం ఎత్తు కంటే ఎక్కువ దూరం. ఇనుప పైపు ఎత్తేటప్పుడు ఇద్దరుండాలి.

అర మీటరు గుంత తీసి పాతండి, డాబా మీదైతే ఇసుక నింపిన పెద్ద డ్రమ్ములో నిలపండి. రెండు సందర్భాల్లోనూ మూడు వైపులా తాళ్లు లాగి కట్టాలి. పిల్లలు తట్టుకుని పడకుండా తాళ్లకు తెల్ల గుడ్డ పీలికలు కట్టండి.

దీపావళి అక్టోబరు మధ్య నుంచి నవంబరు మధ్య లోపు వస్తుంది, అది ఈశాన్య రుతుపవనాల కాలం. నెల్లూరు, ప్రకాశం, కోనసీమ వైపు వాళ్లకు ఆ రోజుల్లో వాన ఎప్పుడైనా పడుతుందని వేరే చెప్పక్కర్లేదు. కోసిన ప్రతి స్ట్రిప్ కొసనూ సిలికాన్‌తో నింపి, పైన హీట్ ష్రింక్ వేయండి. పుల్లటి వాసన వచ్చే సిలికాన్‌లో ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది, రాగిని తినేస్తుంది. అందుకే సామాన్లలో న్యూట్రల్ క్యూర్ అని రాశాను. పైన చిప్ ఉన్న బోర్డును చిన్న డబ్బాలో పెట్టి, వైర్లు అడుగు వైపు నుంచే లోపలికి పోయేలా చూడండి. కింది పెట్టెకూ గ్లాండ్లు అడుగునే. వైరు పెట్టెలోకి ఎక్కే ముందు కొంచెం కిందికి వేలాడితే నీటి బొట్టు అక్కడే రాలిపోతుంది.

230 వోల్టులు పెట్టె దాకానే, అక్కడి నుంచి అంతా 12 వోల్టులే. ఆ 230 వోల్టుల లైను 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉన్న బోర్డు నుంచే రావాలి. ఎస్ఎంపీఎస్ ఎర్త్ స్క్రూకు ఎర్తింగ్ తప్పనిసరి. రెండు పిన్నుల ప్లగ్గు, ఇన్సులేషన్ టేపు చుట్టిన అతుకులు వాన రాత్రి వద్దే వద్దు. తుపాను హెచ్చరిక ఉంటే స్తంభం దించేయండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది ఇదే పని యార్డులో చేస్తుంటారు. మసాచుసెట్స్ లాంటి చోట సొంతంగా బాణసంచా కాల్చడమే చట్టవిరుద్ధం. అక్కడ లైను 120 వోల్టులు, ఎస్ఎంపీఎస్ వెనక వోల్టేజి స్విచ్ ఉంటే మార్చుకోవాలి. బయటి ప్లగ్గు జీఎఫ్‌సీఐ రకం (ఆర్‌సీసీబీ లాంటి రక్షణ ఉన్నది) అయి ఉండాలి. కమ్యూనిటీ నిబంధనల్లో స్తంభం ఎత్తు, దీపాల వేళలు ముందే చూసుకోండి.

చిచ్చుబుడ్డి, భూచక్రం

మిగిలిన 4 మీటర్ల స్ట్రిప్ ఉంది కదా. పాత సైకిలు రిమ్ము 26 అంగుళాలది తెచ్చి దాని చుట్టూ 1.8 మీటర్లు చుట్టండి, అంటే 36 పిక్సెళ్లు. మూడు వెలుగు తలలు సమాన దూరంలో, తోకలతో తిరగాలి. మెల్లగా మొదలై, వేగం అందుకుని, చివర్లో నెమ్మదించి ఆరితే అదే భూచక్రం. దానికి మరో ఈఎస్‌పీ32 పెడితే నడపడం తేలిక.

మిగిలిన 2.2 మీటర్లను నాలుగు సమాన ముక్కలు చేసి విసనకర్రలా కుండలో గుచ్చితే చిచ్చుబుడ్డి. నాలుగింటికీ ఒకే డేటా. మొదట అడుగున 2 పిక్సెళ్లు మాత్రమే మినుకు మినుకుమనాలి, రెండు సెకన్లలో ఎత్తు పెరిగి నిండుగా రావాలి, 20 సెకన్లు అలా పొంగి, ఆ తర్వాత కుంగుతూ ఆరిపోవాలి. బంగారు రంగు, కొసల్లో వెండి. ఈ రెండింటినీ కలిపేటప్పుడు ఎస్ఎంపీఎస్ లెక్క మళ్లీ వేయండి: 4 మీటర్లంటే ఇంకో 58 వాట్లు, మొత్తం 216 అవుతుంది, 80 శాతం గీత దాటుతుంది. వాటికి వేరే 12 వోల్టుల 8 ఆంపియర్లది పెట్టుకోవడమే మేలు.

వెలగకపోతే

పిక్సెళ్లు ఒకదాని తర్వాత ఒకటి సిగ్నల్ అందించుకుంటాయి. స్తంభం ఫలానా చోటు దాకా వెలిగి ఆ పైన అంతా చీకటైతే, వెలిగిన చివరి పిక్సెల్ గానీ చీకటైన మొదటి పిక్సెల్ గానీ పోయినట్టు. ఆ రెండింటినీ కోసి కొత్త ముక్క అతికించండి. ఒక్క రెక్క మాత్రమే వెలగకపోతే దాని రెసిస్టర్ అతుకు, బాణం దిక్కు చూడండి. ఎనిమిదీ వెలగక స్తంభం మాత్రం బాగుంటే పై చిప్‌కు 5 వోల్టులు వస్తున్నాయో లేదో మల్టీమీటర్‌తో చూడండి. రెక్కల కొసలు ఎర్రబడి మసకగా ఉంటే వోల్టేజి పడిపోతోంది, అతుకులు వదులయ్యాయి.

పండగలన్నీ అయ్యాక రెక్కలకు 1 నుంచి 8 దాకా నంబర్లు రాసి విప్పండి. స్ట్రిప్‌ను గట్టిగా మడవకుండా పెద్ద చుట్టగా చుట్టి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, అటక మీద ఎండ తగలని చోట పెట్టండి. వచ్చే ఏడాది వినాయక చవితి అయిపోగానే దించి, ముందు నేల మీద పరిచి వెలిగించి చూసుకుంటే, ఏదైనా పోయి ఉన్నా కొత్తది తెప్పించుకోవడానికి దీపావళి దాకా టైముంటుంది.